నలభై ఒక్క రాళ్ళు

ఇల్లు, వంటగది బల్ల దగ్గర
మార్చి 4

అక్కా,

నీ పని దగ్గర ఫోను అందదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. మొన్న గేటు నుంచి గుమ్మానికి వచ్చే రాళ్ళదారి మీద పడ్డాను. ఎడమ కనుబొమ్మ మీద నాలుగు కుట్లు వేశారు. కంగారుపడకు, కన్ను బాగానే ఉంది.

దారిలో మొత్తం నలభై ఒక్క రాళ్ళు. ఒక్కొక్కదాని మీద నిలబడి చూశాను, పదకొండు కదులుతున్నాయి. మా వారికి తీరిక లేదు. పొద్దున ఆరింటి నుంచి డ్రైవింగ్ స్కూల్లోనే ఉంటారు. పనివాణ్ణి పిలుద్దామంటే, ‘మేస్త్రమ్మ చెల్లెలివి, నీకు పనివాడెందుకు?’ అన్నారు. అదీ నిజమే. ఇరవై రెండేళ్ళుగా నువ్వు ఊళ్ళవాళ్ళ కాళ్ళ కింద రాళ్ళు పరుస్తున్నావు. నాకూ నాలుగు ముక్కలు రాసి పంపు, నేనే చేసుకుంటాను. రాళ్ళు బిగిస్తే ఇక ఏ గొడవా ఉండదు.

నీ పిచ్చుక

వదినగారికి నమస్కారాలు. మీ చెల్లెలి కళ్ళు ఎప్పుడూ ఆకాశంలోనే ఉంటాయి. నడక నేర్పే స్కూలు ఉంటే చేర్పించేవాణ్ణి. నాకేమో కారు నడపడం నేర్పడమే వచ్చు. ఇక్కడందరం కులాసా. – మీ మరిది


పార్కు పని, రేకుల షెడ్డు
మార్చి 11

పిచ్చుకా,

నువ్వు పడ్డావని మా గ్యాంగుకి చెప్తే ఎనిమిది మందీ ఎనిమిది సలహాలిచ్చారు. అవన్నీ పక్కన పెట్టి నేను చెప్పింది చెయ్యి.

కదిలే రాయిని గడ్డపారతో లేపు. సందులో మొన పెట్టేటప్పుడు కింద చెక్కముక్క వెయ్యి, లేకపోతే రాయి అంచు పెచ్చులూడుతుంది. లేపాక కింద ఉన్న పాత ఇసుకంతా తీసెయ్. అందులో వేళ్ళూ చీమల పుట్టలూ ఉంటాయి. రాయి ఊగేది వాటివల్లే. నేలని దిమ్మిసతో గట్టిగా కొట్టు. రెండు వేళ్ళ మందాన ముతక ఇసుక పోసి, చెక్కతో సమంగా లాగు. దాని మీద రాయి దించి రబ్బరు సుత్తితో మూలమూలా కొట్టు. ఇనప సుత్తి వాడావో రాయి రెండవుతుంది. వాలు ఇంటి నుంచి గేటు వైపు ఉండాలి, లేకపోతే వాన నీళ్ళు గుమ్మంలోకొస్తాయి. చివర్లో సందుల్లోకి సన్న ఇసుక చీపురుతో ఊడ్చి నీళ్ళు చల్లు.

ఒకటి అడుగుతాను. ఏ కాలు కింద రాయి కదిలింది? ముందుకి పడ్డావా, వెనక్కా? రాయి ఏ వైపు దిగిందో తెలిస్తే కింద ఎక్కడ బోలుగా ఉందో చెప్పగలను.

మరిదిగారిని ఒక గడ్డపార, ఒక రబ్బరు సుత్తి కొని ఇమ్మను. జోకులు తర్వాత.

అక్క


ఇల్లు, గుమ్మం మెట్టు మీద
ఏప్రిల్ 2

అక్కా,

ఐదు రాళ్ళు అయిపోయాయి. నా అరచేతులు చూస్తే నీ చేతులే గుర్తొస్తున్నాయి. మొదటి రాయి మూడుసార్లు పెట్టి మూడుసార్లు తీశాను. నాలుగోసారికి కూర్చుంది. దాని మీద నిలబడి అటూ ఇటూ ఊగాను, అది మాత్రం ఊగలేదు. అంత సంతోషం ఈ మధ్య దేనికీ కలగలేదు.

పక్కింటి కండక్టరు తాతయ్య గోడ మీద మోచేతులు ఆనించి రోజూ చూస్తారు. నిన్న నేను సుత్తితో కొడుతుంటే, ‘ఏమ్మాయ్, రాళ్ళని నిద్రపుచ్చుతున్నావా?’ అన్నారు. ‘మీరు బస్సులో ముప్ఫయ్యేళ్ళు నిద్రపోయారుగా, వాటినీ పోనివ్వండి’ అన్నాను. పళ్ళు లేని నోటితో ఒకటే నవ్వు.

మా వారు మధ్యాహ్నం ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి చూస్తారు.

ఏ కాలో గుర్తులేదు.

నీ పిచ్చుక


పార్కు పని, రేకుల షెడ్డు
ఏప్రిల్ 12

పిచ్చుకా,

మొదటి రాయి మూడుసార్లే తీశావా? నేను నేర్చుకునేటప్పుడు మా మేస్త్రి నా చేత పధ్నాలుగు సార్లు తీయించారు. ఆయన నా వెనక నిలబడి తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం కాలిపోతుంది.

పరీక్ష ఇలా చెయ్యి. సుత్తి పిడితో రాయి నడిమధ్య తట్టు. ‘టక్’ అని తేలిగ్గా మోగితే కింద బోలు, మళ్ళీ తియ్యి. ‘దబ్’ అని బరువుగా పలికితే కూర్చున్నట్టు. అలా పలికిన రాయి ఏళ్ళ తరబడి కదలదు. కారెక్కినా కదలదు, మీ ఆయన్ని అడుగు.

అక్క


ఇల్లు
మే 3

అక్కా,

ఏప్రిల్ ఇరవైకి పని పూర్తయింది. పదకొండూ ‘దబ్’ అనే పలికాయి. మిగతా ముప్ఫై కూడా తట్టి చూశాను.

ఒకటో తారీఖున మళ్ళీ పడ్డాను. పదిహేడో రాయి. కుడి చెవి కర్ణభేరి చిరిగిందని డాక్టరు చెప్పారు. ఆ చెవికి ఏమీ వినపడటం లేదు. కొన్ని నెలల్లో తగ్గవచ్చట.

నువ్వు చెప్పినట్టే చేశాను. నా పనితనమే చాల్లేదు. మా వారూ అదే అన్నారు.

ఉంటాను.


పార్కు పని, రేకుల షెడ్డు
మే 10
(కుట్టు యూనిట్ సూపర్‌వైజరమ్మ ద్వారా)

పిచ్చుకా,

ఇకమీద నీ ఇంటికి రాయను. నువ్వు పనిచేసే కుట్టు యూనిట్‌కి, మీ సూపర్‌వైజరమ్మ పేరు మీద రాస్తాను. ఆవిడ నీ చేతికే ఇస్తానంది. చదివి అక్కడే చింపెయ్.

నాకు తెలిసిన విషయాలు రాస్తాను. ‘దబ్’ అని పలికిన రాయి పదకొండు రోజుల్లో ఊగదు. రాయి ఊగి పడితే మనిషి ముందుకి పడుతుంది. అరచేతులు గీరుకుపోతాయి, మోకాళ్ళు పగులుతాయి. వెనక్కి పడితే నడుమూ మోచేతులూ. ఇరవై రెండేళ్ళలో నా కళ్ళ ముందు ఎంతోమంది పడ్డారు. ఒక్కరికీ కర్ణభేరి చిరగలేదు. కర్ణభేరి తెరిచిన అరచేత్తో కొడితే చిరుగుతుంది. రాయి చెవి మీద కొట్టదు.

నీ చేతులు గీరుకుపోయాయని నువ్వు రాయలేదు. ఏ కాలని అడిగితే గుర్తులేదన్నావు. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది. దారి గురించి అడిగావని మురిసిపోయి రెండు పేజీల పాఠం రాశాను. అది నా మూర్ఖత్వం.

ఎవరు, ఎప్పుడు, దేంతో. అంతే రాయి.

అక్క


కుట్టు యూనిట్, భోజనాల గది
మే 19

అక్కా,

రాస్తున్నాను.

పోయిన జూలై: తలుపు సందులో నా ఎడమ చిటికెన వేలు పెట్టి తలుపు మూశాడు. కూరలో ఉప్పెక్కువైందని కాదు, ఆ రోజు కూర బాగుంది. తన స్టూడెంటొకడు పరీక్ష తప్పాడు. నవంబరు: రెండు పక్కటెముకలు, బూటుతో. జనవరి: భుజం కీలు తప్పింది. చెయ్యి మెలితిప్పి వంటగది నుంచి హాల్లోకి లాక్కెళ్ళాడు. మార్చి: తల పట్టుకుని సింకు అంచుకి కొట్టాడు. మే: చెవి. నువ్వు చెప్పినట్టే అరచేత్తో.

ఐదుసార్లూ ఆసుపత్రికి అతనే కార్లో తీసుకెళ్ళాడు. దారి పొడుగునా సిగ్నలు దగ్గర ఆగుతూ, ఇండికేటరు వేస్తూ, స్టూడెంట్లకి చూపిస్తున్నట్టు నడిపాడు. క్యాజువాలిటీ నర్సు అతని దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుంది. ‘మాస్టారూ, మీ అంత ఓపిక ఎవరికీ ఉండదు’ అంటుంది. ఏమైందని అడిగితే నేనే చెప్పాను, రాయి కదిలి పడ్డానని. రిజిస్టర్లో ఐదుసార్లూ అదే మాట ఉంది.

నిజం చెప్పనా? రాళ్ళు బిగిస్తే ఆగుతాడనుకున్నాను. సాకు లేకపోతే చెయ్యి లేవదని. రాళ్ళన్నీ కూర్చున్న రోజు గేటు నుంచి గుమ్మం దాకా రెండుసార్లు నడిచి, ఇక అయిపోయిందనుకున్నాను. నాకే నవ్వొస్తోంది.

ఇంకో సంగతి. మొన్న సోమవారం యూనిట్ నుంచి వచ్చేసరికి ఆరు రాళ్ళు మళ్ళీ ఊగుతున్నాయి. అన్నీ గుమ్మం పక్కవే. వాన వల్ల అన్నాడు. వాన పడి తొమ్మిది రోజులైంది. ప్రతి రాయికీ ఒక అంచున వేలి వెడల్పు పెచ్చు లేచింది. చెక్కముక్క వెయ్యకుండా లేపారు. గడ్డపార మొనకి ఇసుక అంటుకుని ఉంది. నేనెప్పుడూ కడిగి పెడతాను.

సాయంత్రం అతను కుర్చీ వేసుకుని టీ తాగుతూ గోడవతల తాతయ్యతో గట్టిగా అన్నాడు: ‘చూశారా మా ఆవిడ పనితనం? ఏదో ఒకరోజు ఇక్కడే తల పగిలి చస్తుంది, నేనేం చెయ్యను చెప్పండి.’ తాతయ్య అయ్యో అన్నారు.

నీ పిచ్చుక


పార్కు పని, రేకుల షెడ్డు
మే 26
(సూపర్‌వైజరమ్మ ద్వారా)

పిచ్చుకా,

వాడు సాక్షిని తయారు చేసుకుంటున్నాడు. ముందు రాళ్ళు ఊడదీశాడు, తర్వాత ఒక మనిషికి చూపించాడు. మిగిలింది ఒక్క పనే.

ఇక్కడ పని అప్పజెప్పడానికి వారం రోజులు పడుతుంది. జూన్ నాలుగు, ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి మీ యూనిట్ గేటు దగ్గర ట్రక్కుతో ఉంటాను. శనివారం సాయంత్రం నుంచి నువ్వు ఆ ఇంటికి వెళ్ళకు. సూపర్‌వైజరమ్మ ఇంట్లో పడుకో, మాట్లాడాను. బట్టలొద్దు, సామానొద్దు. నువ్వొక్కదానివి వస్తే చాలు.

గడ్డపార కొనమని రాసింది నేనే. అది మర్చిపోలేకపోతున్నాను.

అక్క


మహిళా జైలు, రిమాండు వార్డు
జూన్ 9

పిచ్చుకా,

ఈ ఉత్తరం జైలరమ్మ చదివాకే నీకు చేరుతుంది. చదవనీ.

అప్పుడు నీకు స్పృహ లేదు కాబట్టి నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. తొమ్మిదికి నువ్వు గేటు దగ్గర లేవు. తొమ్మిదింబావుకి సూపర్‌వైజరమ్మ పరిగెత్తుకొచ్చి, సర్టిఫికెట్ల కోసం పొద్దున్నే ఇంటికెళ్ళావని చెప్పింది. అతను ఆరింటికే స్కూలుకెళ్ళిపోతాడు కదా అన్నావట. ఆ కంగారులో ఆదివారం స్కూలుండదని మర్చిపోయావా తల్లీ.

తొమ్మిది నలభైకి మీ గేటు తోశాను. నువ్వు దారి మీద కుడివైపుకి ఒరిగి ఉన్నావు. ఎడమ ముంజెయ్యి ఉండాల్సిన వైపు లేదు. సర్టిఫికెట్ల కవరు మీద నెత్తురు. వాడు నీ మీద నిలబడి ఉన్నాడు, గడ్డపార రెండు చేతుల్తో పట్టుకుని. నన్ను చూసి, ‘వదినా, పడిపోయింది, చూడండి’ అన్నాడు. మామూలు గొంతే. ‘పక్కకి జరగరా’ అన్నాను. జరగలేదు. గడ్డపార భుజం దాకా లేచింది. నా వైపా, నీ తల వైపా అన్నది నేను చెప్పలేను.

నా చేతిలో రెండు కిలోల సుత్తి ఉంది. ట్రక్కు దిగేటప్పుడే తీసుకున్నాను. కుడి భుజం మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినపడింది. గడ్డపార కింద పడింది. అయినా మళ్ళీ కొట్టాను, మోచెయ్యి మీద. వాడు కూలబడ్డాడు. మూడోసారి ఎత్తాను, ఈసారి తల మీదికే. అరుపులకి వచ్చిన మీ కండక్టరు తాతయ్య వెనక నుంచి నా రెండు చేతులూ పట్టుకుని వేలాడిపోయారు. ఆయన లేకపోతే నా మీద కేసు వేరేగా ఉండేది.

తాతయ్య చూసింది నా రెండో దెబ్బ నుంచే. గడ్డపార ఎవరి చేతిలో ఉందో ఆయనకి తెలీదు. పోలీసులకి అదే చెప్పారు. తప్పు పట్టకు, చూసిందే చెప్పారు.

రెండో దెబ్బ అవసరం లేదు. అది కూడా నేను చెప్పాను. నిన్ను అడిగితే నువ్వూ దాచకు.

చెయ్యి ఎలా ఉంది? ప్లేటు వేశారా?

అక్క


ఆసుపత్రి, మహిళల వార్డు, మూడో మంచం
జూన్ 14

అక్కా,

ప్లేటూ ఆరు స్క్రూలూ వేశారు. తల మీద పదకొండు కుట్లు. వేళ్ళు కదులుతున్నాయి, మళ్ళీ మిషను కుట్టవచ్చంటున్నారు. ఇది కుడిచేత్తోనే రాస్తున్నాను.

నీ లాయరమ్మ వచ్చింది. ఆవిడ నెమ్మదిగానే చెప్పింది కానీ విషయం తేలిగ్గా లేదు. అతను ఏం చెప్తున్నాడంటే, నేను రాళ్ళ మీద పడ్డానట. అతను గడ్డపారతో రాళ్ళు సరిచేస్తున్నాడట. మతి చెడిన వదిన వచ్చి కారణం లేకుండా ఎముకలు విరగ్గొట్టిందట. ఆసుపత్రి రిజిస్టర్లో నేను ఐదుసార్లు పడ్డానని నా నోటితో నేనే చెప్పిన మాటలున్నాయి. వాటికి నా సంతకాలున్నాయి. అతని వైపు ఉన్న గట్టి సాక్ష్యం నేనేనట.

నిన్న బావగారు వచ్చారు, అతని అన్న. బత్తాయిపళ్ళు తెచ్చి స్టూలు మీద పెట్టారు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. అందులో రెండు వాక్యాలున్నాయి. నేను కాలు జారి పడ్డాను. మా అక్క అపార్థం చేసుకుంది.

‘దీని మీద సంతకం పెట్టమ్మా. వాడు కేసు వదిలేస్తానంటున్నాడు. మీ అక్క వారంలో బయటుంటుంది. నువ్వు ఇంటికొచ్చేద్దువుగాని. ఇంట్లో వంట చేసేవాళ్ళు లేక వాడు ఎడమచేత్తో రొట్టె చింపుకు తింటున్నాడు, చూడలేకపోతున్నాం.’

‘పదేళ్ళు పడుతుందట మీ అక్కకి. నీ ఒక్క సంతకం, ఆలోచించుకో’ అని వెళ్ళిపోయారు. కాగితం దిండు కింద ఉంది. సోమవారం వస్తానన్నారు.

అక్కా, ఐదుసార్లు చెప్పిందే కదా, ఇంకొక్కసారి చెప్తే ఏం పోతుంది అనిపిస్తోంది. నువ్వు బయటికొస్తావు. నిజం చెప్తే నన్ను నమ్ముతారో లేదో తెలీదు. నమ్మకపోతే నువ్వూ లోపలే, నేనూ అబద్ధాలకోరుని. ఏం చెయ్యమంటావో రాయి.

పిచ్చుక


మహిళా జైలు, రిమాండు వార్డు
జూన్ 17

పిచ్చుకా,

సంతకం పెట్టకు.

ఇక్కడ నాకు బాగానే ఉంది. స్నానాల గది దారిలో రాళ్ళు ఊగుతున్నాయని జైలరమ్మతో చెప్తే, ‘నీకు అదొక్కటే కనపడిందా?’ అని నవ్వి సుత్తి మాత్రం ఇవ్వనంది.

నేను కొట్టాను. అది నా చేతులు చేసిన పని, దాని శిక్ష నేను మోస్తాను. నువ్వు ఆ కాగితం మీద సంతకం పెడితే నేను బయటికొచ్చే మాట నిజమే కావచ్చు. నువ్వు ఆ ఇంటికెళ్ళే మాట మాత్రం ఖాయం. అప్పుడు నీకేదైనా జరిగితే రిజిస్టరు తిరగేసి, ‘ఈవిడ ఎప్పుడూ పడుతూనే ఉంటుంది’ అంటారు. అప్పటికి నేను ట్రక్కు వేసుకొచ్చినా చేసేదేం ఉండదు.

నా కోసం ఇంకోసారి పడొద్దు. నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు. చెప్పడం మాత్రం నీ వంతు.

అక్క


ఆసుపత్రి, మహిళల వార్డు
జూన్ 20

అక్కా,

బావగారు సోమవారం పది గంటలకి వచ్చారు. కాగితం తిరిగి ఇచ్చేశాను. ‘సంతకం ఏదమ్మా?’ అన్నారు. ‘నేను పడలేదు బావగారూ’ అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. మంచం ఇనప కడ్డీ పట్టుకుని ముందుకి వంగి, ‘కట్టు విప్పేశాక ఎక్కడికెళ్తావే నువ్వు? రోడ్డు మీద చస్తావు’ అన్నారు. నాలుగో మంచం పెద్దావిడ స్టీలు గ్లాసు విసిరింది. ఆయన చెవి పక్క నుంచి వెళ్ళి గోడకి తగిలింది. ‘ఈసారి గురి తప్పదు, నడువ్’ అంది. వెళ్ళిపోయారు, బత్తాయిపళ్ళు తీసుకుని మరీ.

ఇవాళ పొద్దున ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది, రైటరుతో. రిజిస్టరు నకళ్ళు తెచ్చింది. ఐదు కాగితాలు వరసగా దుప్పటి మీద పరిచింది. ఒక్కొక్కటీ చదివి వినిపించి, ‘ఇది నువ్వు చెప్పిందేనా?’ అని అడిగింది. అవునన్నాను. ‘జరిగింది ఇదేనా?’ కాదన్నాను. అప్పుడు ఒక్కొక్కదాని పక్కన జరిగింది చెప్పాను. తలుపు. బూటు. భుజం. సింకు. అరచెయ్యి. చెవి దగ్గరికి వచ్చేసరికి మంచినీళ్ళు అడిగాను. ఆవిడే గ్లాసు నింపి ఇచ్చింది.

ఆదివారం సంగతి కూడా చెప్పాను. గుమ్మంలో కవరు లాక్కోబోయాడు, నేను వదల్లేదు. గడ్డపార తలుపు వెనకే ఉంది. మొదటి దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టాను, రెండోది తలకి తగిలింది. ‘మీ అక్క రెండో దెబ్బ ఎందుకు కొట్టింది?’ అని అడిగింది. ‘నేను చూడలేదు. అవసరం లేకుండానే కొట్టానని తనే చెప్తోంది, తను దాచే మనిషి కాదు’ అన్నాను. రైటరు అది కూడా రాసుకున్నాడు. పెచ్చు లేచిన ఆరు రాళ్ళకీ ఫొటోలు తీయించిందట. నీ బెయిలు వాదన శుక్రవారం. లాయరమ్మ నా వాంగ్మూలం పట్టుకొస్తుంది. ఏమవుతుందో నాకు తెలీదు.

సంతకం పెట్టబోయే ముందు ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను నా చేతికివ్వకుండా ఆపింది.

‘డాక్టర్ల ముందు ఐదుసార్లు అబద్ధం చెప్పానని నువ్వే అంటున్నావు. ఈసారి చెప్పేది నిజమని నేనెందుకు నమ్మాలి?’

‘ఐదుసార్లూ అతను నా పక్కనే నిలబడి ఉన్నాడండీ. ఇవాళ లేడు’ అన్నాను.

పెన్ను ఇచ్చింది.

చెల్లి